గౌస్ భాయ్ వేసిన అద్దం

రహమత్బీ మెట్లెక్కి వచ్చేసరికి చెప్పులు చేతిలో ఉన్నాయి. పరుగుకు అడ్డమని దారిలోనే విప్పేసినట్టుంది. మార్కాపురంలో పలకల దుకాణం పైనున్న ఆ చిన్న గదిలో ఫెబీ అనే ప్రైవేటు డిటెక్టివ్ ఉంటుందని ఊరందరికీ తెలుసు గాని, ఎవరూ సంతోషంగా ఉన్నప్పుడు ఆ మెట్లెక్కరు. మాల్యాద్రి గబగబా కుర్చీ లాగి మంచినీళ్లిచ్చాడు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా రిటైరై ఫెబీ దగ్గర సహాయకుడిగా చేరాడు. మనిషి మొహం చూసి ఏ ఊరి టికెట్టో చెప్పేయగలనని గొప్పలు పోయేవాడు.

"మా ఆయన్ని నరుకుతానన్నాడమ్మా," అంది రహమత్బీ. "రేపు వాని పెండ్లానికి పెద్దదినం, పెద్దకర్మ. అది ఎల్లినాంక వస్తానని షెడ్డు ముందు నిలబడి చెప్పిపోయినాడు."

"ఎవరు చిన్నమ్మా?"

"నాగేంద్ర. పుల్లలచెరువు కాడోడు. పెండ్లాం పోయింది గదా, ఆ కోపం. మా ఆయన కారు అద్దం సరింగ వేయలేదని, అందుకే ఆ పిల్ల చచ్చిపోయిందని అంటాడు. పోలీసులు గూడా అదే మాట. మా ఆయన అన్నం మానేసినాడు. నా చేతిలోనే ఏమన్నా తప్పు జరిగిందేమోనని తనే అనుకుంటాండు."

ఆ ప్రమాదం సంగతి తెలియనివాళ్లు లేరు. నాగేంద్ర వాళ్లది నల్లమలలో తేనె, బంక ఏరుకుని బతికిన కుటుంబం. ఆ ఇంట్లో మొదట కారు కొన్నది అతనే. బాడుగకు తిప్పేవాడు. ముందు అద్దానికి రాయి తగిలి పగిలితే మార్కాపురంలో రహమత్బీ భర్త గౌస్ మొహిద్దీన్ కొత్తది వేశాడు. వారం తిరక్కుండానే గిద్దలూరు దాటాక ఘాట్‌లో, అడ్డొచ్చిన గేదెను తప్పించబోయి కారు రక్షణ గోడకు గుద్దుకుంది. ఇద్దరూ బెల్టులు పెట్టుకున్నారు, ఇద్దరి ముందూ ఎయిర్‌బ్యాగుల గాలిసంచులు తెరుచుకున్నాయి. నాగేంద్ర చెయ్యి విరిగి బతికాడు. పక్కనున్న శివాని బతకలేదు. ముందు అద్దం చట్రంలోంచి ఊడి దూరంగా పడి ఉంది.

ఇక ఊరు ఊరుకుంటుందా? అరవైకి దగ్గరపడిన గౌస్, అల్లుడు అష్రఫ్‌ను వెంటబెట్టుకుని హైదరాబాదులో కొత్త కార్ల అద్దాల శిక్షణకు పోయినప్పుడు, గడ్డం నెరిశాక బడికి పోయాడని నవ్విన నోళ్లే ఇప్పుడు, ముసలాయనకు కొత్త కార్లేం తెలుసని తీర్పు చెప్పేశాయి. మాల్యాద్రికి ఒళ్లు మండింది. ఆయన కూడా అప్పుడు నవ్వినవాళ్లలో ఒకడు మరి.

ఫెబీ లేచి బ్యాగు భుజాన వేసుకుంది. "మాల్యాద్రన్నా, ముందు పుల్లలచెరువు పోదాం."

నాగేంద్ర ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతికి కట్టు. పక్కనే మొహసిన్ ఉన్నాడు. గిద్దలూరులో అతనికి అద్దాల దుకాణం ఉంది, ఒకప్పుడు గౌస్ దగ్గరే పని నేర్చుకున్నవాడు. పెద్దదినానికి బియ్యం బస్తా తెచ్చి దింపాడు.

"దేవుడట్ల వచ్చినాడు మొహసినన్న," అన్నాడు నాగేంద్ర. "అద్దం ఎందుకు ఊడిందో ఈయన చెప్పినాకనే నాకు తెలిసింది."

"అద్దం వేయించినాక కారు మళ్లా మార్కాపురం పోయిందా?" అని అడిగింది ఫెబీ.

"లేదక్కా. గిద్దలూరులో సీటు కవర్లకు ఒక రాత్రి ఇడిసిపెట్టినా. అంతే. అది నా పెండ్లాం ఏరిన రంగు. రేపు దాని దినం ఎల్లిపోనీ. ఆ ముసలోణ్ణి నేనే పంపిస్తా. నువ్వు అడ్డం రావద్దు."

"రాను," అంది ఫెబీ. "రేపు పొద్దున్నే గౌస్ షెడ్డుకు రా. శివానిని చంపిందెవరో చెప్తా. దినం ఆ తర్వాత పెట్టుకో."

మొహసిన్ జాలిగా నవ్వి, "నేను గూడా వస్తా మేడమ్. పని తెలిసినోడు ఒకడుండాల గదా," అన్నాడు.

గిద్దలూరు పోలీసు స్టేషను వెనక కారు టార్పాలిన్ కప్పుకుని ఉంది. ఊడిన అద్దాన్ని వెనక సీట్లో పెట్టి తాళం వేశారు. తెచ్చిననాటి నుంచీ ఎవరికీ చూపించలేదని ఎస్సై అన్నాడు, తానూ పైపైనే చూశాడట. ఫెబీ టార్పాలిన్ ఎత్తి చట్రం చుట్టూ వేలితో తడిమింది. రంగు లేదు. రేకు తెల్లగా మెరిసేదాకా గీకేసి ఉంది. దాని మీద కిటికీలకు పూసే మామూలు సిలికాన్, లాగితే రబ్బరులా ఊడివస్తోంది. తరవాత అద్దం అంచు తిప్పి, నల్లటి పట్టీ మీది సిలికాన్‌ను గోటితో ఒలిచింది. అడుగున ఇంకో నల్లటి పొర కనబడింది. పలచగా, గట్టిగా, కత్తితో కోసినట్టు చదునుగా ఉంది.

"చూశావా అన్నా?" అంది.

మాల్యాద్రి చూశాడు. నలుపు మీద నలుపు తప్ప ఆయనకేమీ అర్థం కాలేదు. ఆ సంగతి చెప్పుకోవడం ఇష్టంలేక గంభీరంగా తలాడించాడు.

సాయంత్రమంతా ఫెబీ గౌస్ షెడ్డులోనే కూర్చుంది. బీమా కంపెనీలో సర్వేయరుగా ఉన్నప్పుడు తనకు తెలిసినదంతా అద్దం చుట్టూ రబ్బరు బీడింగు బిగించే కాలం నాటిదని, కొత్త పద్ధతి చేసి చూపించమని అష్రఫ్‌ను అడిగింది. గౌస్ మూలన గోడకానుకుని ఉన్నాడు, ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. మాల్యాద్రి కళ్లు మాత్రం అష్రఫ్ మీదే ఉన్నాయి. బోర్డు మీద మామ పేరు తీసి తన పేరు రాయించాలని అల్లుడు పోట్లాడాడని టీ కొట్టులో విన్నాడాయన. మామను తప్పిస్తే దుకాణమంతా తనదే కదా అని లెక్క కట్టేశాడు. దారిలో ఆ మాట చెబితే, "నీ అనుమానం మంచిదే అన్నా. కారు మార్కాపురం తిరిగి రాలేదు, అదొక్కటే అడ్డం," అంది ఫెబీ.

మర్నాడు పొద్దున షెడ్డులో అందరూ చేరారు. గౌస్, రహమత్బీ, అష్రఫ్ ఒక పక్క. మొహసిన్ ఇంకో పక్క. ఎస్సై గుమ్మం దగ్గర. నాగేంద్ర తువ్వాలులో చుట్టిన వేటకొడవలితో వచ్చాడు. ఎస్సై చెయ్యి చాపితే ఇచ్చేశాడు గాని, కళ్లు గౌస్ మీద నుంచి తిప్పలేదు. ఊడిన అద్దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టారు, దాని మీద గుడ్డ కప్పి ఉంది.

"మొహసిన్, పని తెలిసినవాడివి, నువ్వు చెప్పు," అంది ఫెబీ. "గౌస్ భాయ్ చేసిన తప్పేంది?"

"చెప్పేదేముంది మేడమ్. ఉస్తాద్‌ది పాత చెయ్యి. రేకు తెల్లగా మెరిసేదాకా గీకినాడు, సిలికాన్ పెట్టి అద్దం తోసినాడు. కొత్త కార్లకు అది ఆగుతుందా?"

"నువ్వు ఎక్కడ చూసినావు?"

మొహసిన్ తడబడ్డాడు. "చూసేదేంది... ఆయన ఎప్పుడూ అట్లే చేస్తాడు. మాకూ అట్లే నేర్పినాడు."

"నేర్పినాడు. నువ్వు ఇక్కడున్నప్పుడు." ఫెబీ అష్రఫ్ వైపు తిరిగింది. "ఇప్పుడు?"

"ఇప్పుడు రేకు దాకా గీకనే గీకం," అన్నాడు అష్రఫ్. "పాత జిగురు గోరు మందాన ఉంచి, దాని మీదనే కొత్త జిగురు పెడతాం. రేకు బయటపడితే తుప్పు పడతాది, పట్టు పోతాది. శిక్షణ నుంచి వచ్చినాక మామ సిలికాన్ డబ్బాలన్నీ బయట పారేసినాడు. షెడ్డులో ఒక్కటి గూడా ఉండదు."

"మీరు మీరూ ఒకటి!" అన్నాడు మొహసిన్.

ఫెబీ గుడ్డ తీసింది.

"వాళ్ల మాట నమ్మొద్దు. అద్దాన్ని నమ్ముదాం. ఇది కొత్త అద్దం, పెట్టెలోంచి తీసి వేసింది. సిలికాన్‌తోనే వేసుంటే అంచున సిలికానొక్కటే ఉండాల. ఆ సిలికాన్ కింద అసలైన జిగురు పొర ఉంది, అద్దం ఊడదీయడానికి తీగతో కోసిన పొర. అంటే గౌస్ భాయ్ ఈ అద్దాన్ని సరిగ్గానే అతికినాడు. తర్వాత ఎవరో కోసి తీసి, సిలికాన్‌తో మళ్లీ పెట్టినారు, గౌస్ చేసినట్టే కనబడాలని. పాపం, ఆ మనిషికి తెలిసిన గౌస్ పాత గౌస్. ఈయన మారినాడని వినే ఉంటాడు గాని, ఎట్ల మారినాడో నేర్చుకోలేదు. ఉస్తాద్ నేర్పినట్టే రేకును బాగా గీకినాడు. అద్దాన్ని గీకాలని తోచలేదు. ఆ రోజుల్లో అద్దం ఎప్పుడూ కొత్తదే కదా, దాన్ని గీకే పనే లేదు."

మాల్యాద్రికి ఇప్పుడు నలుపు మీది నలుపు అర్థమైంది. ఆమె పక్కన నిలబడ్డందుకు గర్వంగా ఉంది, అష్రఫ్‌ను అనుమానించినందుకు సిగ్గుగానూ ఉంది.

"కారు బయట ఉన్నది ఒక్క రాత్రే. నాగేంద్రా, సీటు కవర్లు ఎవరు కుట్టినారు?"

నాగేంద్ర తల మెల్లగా తిరిగింది. "మొహసినన్న షెడ్డులో," అన్నాడు, ఆ మాట తనకే కొత్తగా వినబడినట్టు.

మొహసిన్ ఇంక బుకాయించలేదు. లోపల ఎన్నాళ్లుగానో మరుగుతున్నది ఒక్కసారి పొంగింది.

"అవును, నేనే! ఈ షెడ్డు ఊడ్చినా, ఈయన కాళ్లు పట్టినా. శిక్షణకు రెండే సీట్లు వస్తే అల్లుణ్ణి తీసుకోని పోయినాడు. ఆ చదువు లేదని కంపెనీ కార్లు ఒక్కటి గూడా నా గడప తొక్కవు. సీట్లకు కవర్లు కుట్టుకుంటా కూచున్నా. వానకు నీళ్లు కారాల, అద్దం కదలాల, ఈయన పేరు మట్టి కొట్టుకోని పోవాల. అంతే అనుకున్నా. ఆ పిల్ల చావాలని అనుకోలే!"

"తర్వాత బ్యాచ్‌కు నీ పేరే చెప్పినా," అన్నాడు గౌస్. "ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు గదరా నువ్వు."

"ఎత్తితే? నువ్వు పెట్టిన బిచ్చం తినాల్నా?"

"నా చేతి అన్నం తినలేదా?" రహమత్బీ లేచి వచ్చి అతని చెంప పగలగొట్టింది. "ఆ పిల్లోడి పక్కన కూచోని, నా మొగుణ్ణి నరకమని ఎగదోస్తివే! చేసిన పాపం చాల్లేదా నీకు?"

ఎస్సై మొహసిన్ భుజం పట్టుకున్నాడు. నాగేంద్ర కదల్లేదు. విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకుని ఫెబీ ముందుకు వచ్చాడు.

"అక్కా, ఒక్కటి చెప్పు. గౌస్ భాయ్ వేసిన అద్దం అట్లే ఉండింటే, నా శివాని బతికేదా?"

అబద్ధం చెబితే బాగుండునని మాల్యాద్రికి అనిపించింది. ఫెబీ అతని మొహంలోకి సూటిగా చూసింది.

"నీ పక్క గాలిసంచి స్టీరింగు చక్రంలోంచి వస్తాది. ఆమె పక్క సంచి తెరుచుకోని ఆ అద్దానికి ఆనుకోవాల. అద్దం ఆగలేదు, సంచి బయటికి పోయింది, ఆమెకు అడ్డం ఏమీ లేకపోయింది. బతికేది, నాగేంద్రా."

నాగేంద్ర గౌస్ దగ్గరికి పోయి, వంగి ఆయన కాళ్లు తాకాడు. లేచి మొహసిన్ ముందు నిలిచాడు. ఎస్సై కొడవలిని వెనక్కి దాచాడు గాని, ఆ అవసరం రాలేదు.

"నిన్ను నరికితే నీకు ఒక్క గడియే నొప్పి," అన్నాడు నాగేంద్ర, గొంతు పెంచకుండా. "నరకను. కోర్టులో ప్రతి వాయిదాకూ వస్తా. జైల్లో ములాఖత్ రోజు వస్తా. నువ్వు ముసలోడివై బయటికొచ్చిన నాడు గూడా గేటు కాడ నేనే ఉంటా. ఏమీ అనను. నీ మొహం చూస్తా, అంతే."

చెంపదెబ్బకు ఏడవని మొహసిన్ అప్పుడు ఏడ్చాడు.

"ఇంటికాడున్న ఆ బియ్యం బస్తా నీది. దినం ఎల్లినాంక గిద్దలూరుకు తెచ్చి నీ గడపలో దింపిపోతా," అని, నాగేంద్ర పెండ్లాం దినానికి బయల్దేరాడు.