ఎంటర్ కొట్టని గడి

"ఆమె కీబోర్డు ముందు కనిపిస్తే కాల్చెయ్. మాటలు పెట్టుకోవద్దు," అంది రాజ్యలక్ష్మి.

అని, మజ్జిగ గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది. ఆవిడ సెక్షన్ సెవెన్ చీఫ్. బందరు రోడ్డులో 'మత్స్య గణాంకాల ఉపకార్యాలయం' అని బోర్డు తగిలించిన మేడ మీద, ఏసీ గదిలో ఆవిడ కుర్చీ. ఎవరు బతకాలో ఎవరు పోవాలో అక్కడే తేలుతుంది. పోయేవాళ్ళెవరూ ఆ గది చూసి ఉండరు.

టేబుల్ మీద ఫోటో పడింది. ఏజెంట్ నబీ దాన్ని చేత్తో ముట్టుకోలేదు. నల్ల కళ్ళద్దాలు, ఆకాశం రంగు షిఫాన్ చీర, ఖరీదైన కారు తలుపు మీద మోచెయ్యి. మహెక్.

"ఈమె మన మనిషి కదా మేడం."

"మనమే పంపాం. రొయ్యలు కొనడానికొచ్చిన ఫారినర్ వెర్నర్ దగ్గర కంప్యూటర్ ఆపరేటర్‌గా పెట్టించాం. వాడు కొనేది రొయ్యలు కాదని ముందు చెప్పింది కూడా ఆమే. నెల్లాళ్ళుగా రిపోర్టు లేదు. కార్లలో తిరగడానికి మాత్రం తీరికుంది."

"ఫోటో ఎప్పటిది?"

"ఎప్పటిదైతేనేం? విను." చీఫ్ గొంతు తగ్గించింది. "ఇబ్రహీంపట్నం పవర్ ప్లాంటు పంపు హౌస్‌లో వాళ్ళు ఓ డబ్బా దాచారు. దానికో ఫోన్ లైన్. లైన్ ఈ చివర వన్ టౌన్‌లో వెర్నర్ ఆఫీసు కంప్యూటర్. సాయంత్రం ఆరున్నరకి కోడ్ వెళ్తుంది. కూలింగ్ పంపులు ఆగిపోతాయి. ఆగినట్టు కంట్రోల్ రూముకి తెలియదు. బాయిలర్లు పేలిపోతాయి."

నబీ తమ్ముడు తౌసిఫ్ ఆ పంపు హౌస్‌లోనే ఆపరేటర్. ఈ వారం వాడిది సాయంత్రం షిఫ్టు.

"లైన్ కోసేద్దాం."

"కోస్తే డబ్బా దాన్నే కోడ్ అనుకుంటుంది. కంప్యూటర్ ఆపినా అంతే. ప్లాంటు ఖాళీ చేయిస్తే వెర్నర్ మనిషి చూసి ఫోన్ కొడతాడు, వీడు ఆ క్షణమే నొక్కేస్తాడు. మీ తమ్ముడికి సంగతి చెప్పాం, చప్పుడు లేకుండా వెతుకుతున్నాడు. డబ్బా ఊడేదాకా ఆ కంప్యూటర్ ఆగకూడదు, కోడ్ వెళ్ళకూడదు. అర్థమైందా?"

"కోడ్ పంపే ప్రోగ్రాం ఎవరు రాశారు?"

"ప్రోగ్రామా నా మొహమా. స్ప్రెడ్‌షీట్." చీఫ్ ముక్కు చిట్లించింది. "జీతాల లెక్కలేసుకునే షీట్‌లో రాసిందట. ఇలాంటి పిచ్చి పని చెయ్యగలిగేది ఈ జిల్లాలో ఎవరో నన్నడుగుతావేం?"

నబీకి అడగాల్సిన పని లేదు.

మహెక్ బందరు పిల్ల. తండ్రి కలంకారీ అచ్చులు చెక్కేవాడు. చెక్క మీద గడులు గీసి, గడికో చుక్క తీసి, నెమలిని లేపే ఇంట్లో పెరిగింది. వన్ టౌన్‌లో ఓ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదటిసారి షీట్ తెరిచి చూపిస్తే, "ఇది మా నాన్న చెక్కే కదండీ," అందట మాస్టారితో. ఆ రోజు మొదలు, లెక్కల కోసం పుట్టిన షీట్‌తో లెక్కలు తప్ప అన్నీ చేయించింది. గడులు సన్నగా నొక్కి, రంగులు పోసి నెమళ్ళు దించింది. పులి మేక ఆట కట్టింది. ముళ్ళు తిరిగే గడియారం చేసింది. పెద్ద చదువులు చదివొచ్చిన ఇంజనీర్లు చూసి, దీన్ని ఇలా వాడకూడదమ్మా అనేవారు. "వాడానుగా," అనేది.

సెక్షన్ తరఫున ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి నబీని పంపారు. నేర్చుకున్నది తక్కువ. పులి మేకలో ఓడిపోయింది ఎక్కువ. ఒకరోజు ఆమె లేనప్పుడు ఆ గడియారం షీట్‌లో ఏదో గడి మీద రెండుసార్లు నొక్కాడు. ముల్లు ఆగిపోయింది.

"నీ గడియారం చచ్చిపోయింది," అన్నాడు ఆమె రాగానే.

మహెక్ తొంగి చూసి నవ్వింది. "చావలేదు. గడి తెరిచి కూర్చున్నావు. నువ్వేదో చెప్పబోతున్నావని షీటంతా నోరు మూసుకుని ఆగింది. నువ్వు ఎంటర్ కొట్టేదాకా అందులో ఏదీ కదలదు. కొట్టు."

కొట్టాడు. ముల్లు ఒక్క గెంతు గెంతి సరైన టైముకి వచ్చి నిలబడింది.

తర్వాత, ఆమెను వెర్నర్ దగ్గరికి పంపే ముందు రోజు, కృష్ణ ఒడ్డున పెళ్ళి మాట అడిగాడు. మహెక్ నీళ్ళకేసి చూస్తూ, "గడి తెరిచే ఉంచాను నబీ. ఎంటర్ ఇంకా కొట్టలేదు," అంది. అంతే. ఆరు నెలలయింది.

సామారంగం చౌక్ వెనక సందులో ఉల్లిపాయల గోడౌన్. దాని పై అంతస్తులో వెర్నర్ ఆఫీసు. లుంగీ, తలపాగా, చెమట బనీనుతో ఐసు పెట్టె ఉన్న తోపుడు బండిని నబీ బజారు రద్దీ దాటి, ఆలస్యంగా ఆ సందులోకి తోసుకొచ్చాడు. ఐసు గడ్డల కింద పిస్టలుంది. చేతికి సెక్షన్ ఇచ్చిన వాచీ. అందులో కెమెరా ఉందని మురిసిపోతూ సంతకం పెట్టించుకుని ఇచ్చారు.

మెట్ల పక్కన సోడా బండి. బండి మీద శౌరయ్య. సెక్షన్ కాపలా మనిషి.

"నిమ్మ సోడా ఉందా మావా?"

"ఉప్పు సోడానే ఉంది. ఒకటే సీసా," అన్నాడు శౌరయ్య, గోలీ నొక్కుతూ. వెర్నర్ పైన ఉన్నాడు, ఒక్కడే ఉన్నాడు అని దానర్థం. తర్వాత కోడ్‌లో లేని మాట ఒకటి అన్నాడు. "టైము దాటిపోయిందయ్యా. ఆరున్నర ఎప్పుడో అయింది. ఏమీ పేల్లేదేంటి?"

నబీ ఐసు పెట్టె భుజానికెత్తుకున్నాడు. మెట్లెక్కాడు.

తలుపు ఓరగా తీసి ఉంది. కీబోర్డు టకటక వినిపిస్తోంది.

మహెక్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. కీబోర్డు ముందే. షిఫాన్ చీరా లేదు, కళ్ళద్దాలూ లేవు. నలిగిన సల్వార్ కమీజు, తల దువ్వుకుని రోజులైన జుట్టు. చేతులు కుర్చీకి కట్టలేదు గానీ, కాలికి గొలుసు ఉంది. ఆమె వెనక వెర్నర్, చేతిలో పిస్టలుతో.

నబీ పెట్టె దించాడు. ఐసులోకి చెయ్యి పెట్టాడు. తుపాకీ తీసి, ఆర్డరు ప్రకారం ఆమె వీపుకి గురిపెట్టాడు. అప్పుడు చూశాడు స్క్రీను.

పైన మూల గడియారం. ఆరున్నర కాగానే కోడ్ పంపేది అదే. దాని ముళ్ళు ఆరూ ఇరవై అయిదు దగ్గర ఆగిపోయి ఉన్నాయి. కింద ఒక గడి తెరిచి ఉంది. అందులో అక్షరాలు వరస మీద వరసగా పడుతూనే ఉన్నాయి.

చచ్చిపోలేదు. ఆగింది.

వెర్నర్ అంతసేపూ ఆ గడియారాన్నే నమ్ముకుని నిలబడ్డాడు. ఇప్పుడు చేతి వాచీ చూసుకున్నాడు. మళ్ళీ స్క్రీను చూశాడు. "టైమైపోయింది. ఎందుకు పోలేదు?" అని ఇంగ్లీషులో గద్దించాడు.

"స్లోగా ఉంది సార్. ఎంట్రీ అయిపోతోంది." వేళ్ళు ఆగలేదు.

వాడు ఆమెను తోసి ఎంటర్ మీదికి చెయ్యి చాపాడు. మహెక్ కీబోర్డు మీద అడ్డంగా వంగి, మెడ తిప్పి, గుమ్మంలో నబీని చూసింది. ఆ చూపులో ఆశ్చర్యం లేదు. ఇంత ఆలస్యమా అన్నట్టుంది.

నబీ గురి వెర్నర్ మీదికి తిప్పాడు. రెండు తుపాకులూ ఒకేసారి పేలాయి. వెర్నర్ గోడకి జారబడి మళ్ళీ లేవలేదు. వాడి తూటా తగిలిన మహెక్ ఎలా వంగిందో అలాగే ఉండిపోయింది.

"ఎంటర్ కొట్టకు," అంది. "నేను చెప్పింది చదువు ముందు."

"నోరు మూసుకో. శౌరయ్యని పిలుస్తా, ఆసుపత్రికి..."

"చదవరా బాబూ."

అదే ఆమె ఆఖరి మాట. ఆమె చెయ్యి స్పేస్ బార్ మీద పడి ఉండిపోయింది. గడిలో కర్సర్ ఖాళీలోకి పరుగెత్తుతూ పోయింది, పోయింది. నబీ ఆ చేతిని మెల్లగా ఎత్తి తన చేతిలోకి తీసుకున్నాకే ఆగింది.

తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉన్నాయి. నబీ చదివాడు.

'నబీ, ఏం రాయాలో తెలియట్లేదు, ఆపకుండా రాయాలి అంతే, ఆపితే వీడు చూస్తాడు. వీడికి తెలుగు రాదు, ఇదంతా కోడ్ అనుకుంటున్నాడు వెధవ. డబ్బా మూడో పంపు మోటారు కింద ఉంది, నిన్న ఫోన్లో అంటుంటే విన్నాను. నెల్నుంచి మెట్లు దిగనివ్వట్లేదు, ఎలా చెప్పను. మీ అమ్మ దాల్చాలో ఉప్పెక్కువేసింది. అయినా రెండోసారి వడ్డించుకున్నాను, అప్పుడే అర్థం కావాలి నీకు. పులి మేకలో మోసం చేశాను, నీ పులికి వెనక్కి నడిచే దారి పెట్టలేదు. ఆ రోజు అడిగావుగా. సరే. మా బందరు వాళ్ళు లారీ నిండా వస్తారు పెళ్ళికి, మీవాళ్ళకి ముందే చెప్పు. ఇంకేం రాయాలి. ఇంకేం రాయాలి'

ఆ తర్వాత అంతా ఖాళీ.

నబీ ఫోన్ తీశాడు. "తౌసిఫ్. మూడో పంపు. మోటారు కింద."

"వెళ్తున్నా భాయ్." పరుగు, ఆయాసం, ఇనుము మోత. "ఉంది భాయ్. బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. కాస్త టైం పట్టుద్ది."

ఏడయింది. కరెంటు పోయింది.

వన్ టౌన్‌లో ఆ వారం ఏడింటికి కోత. బడ్డీకొట్టువాడికి తెలుసు, ఇస్త్రీ అమ్మకి తెలుసు, నబీకీ తెలుసు. వ్యవహారం ఏడింటిదాకా సాగుతుందని అనుకోలేదు. పక్క ఊళ్ళోనే కరెంటు పుడుతుంది. పుట్టిన కరెంటు వీళ్ళ నెత్తి మీద తీగల్లోంచే పెద్ద హోటళ్ళకి పోతుంది. సందు మొత్తం ఉసూరుమంది. టేబుల్ కింద యూపీఎస్ బీప్ అంది. చీకటి గదిలో ఆ స్క్రీను ఒక్కటే వెలుగుతోంది.

యూపీఎస్ అయిపోతే కంప్యూటర్ ఆగుతుంది, లైన్ తెగుతుంది, తమ్ముడు పోతాడు. ఎంటర్ కొడితే గడియారం గెంతి కోడ్ వెళ్తుంది, అప్పుడూ తమ్ముడు పోతాడు. గడి తెరిచి ఉన్నంతసేపు సేవ్ చెయ్యడం కుదరదు. ఆమె రాసింది మిగలాలంటే, డబ్బా ఊడాక, యూపీఎస్ పోకముందు, రెండు నొక్కులు నొక్కాలి. ఎంటర్ ఒకటి, సేవ్ ఒకటి.

వాచీ గుర్తొచ్చింది. స్క్రీనుకి ఎదురుగా పెట్టి మీట నొక్కాడు. చప్పుడు రాలేదు. మూత తీసి చూస్తే లోపల రీలు లేదు. సంతకం వాచీకే పెట్టించుకున్నారు.

బీపులు దగ్గరపడ్డాయి.

"తౌసిఫ్."

"ఒక్కటే మిగిలింది భాయ్."

ఒక చేతిలో ఆమె చెయ్యి. ఇంకో చెయ్యి ఎంటర్ మీద, తగలకుండా. బీపులన్నీ కలిసి ఒకటే ఈలయ్యాయి.

"ఊడింది భాయ్. ఊడొచ్చింది."

నబీ ఎంటర్ కొట్టాడు. మాటలన్నీ గడిలో కుదురుకుని కూర్చున్నాయి. గడియారం ముల్లు ఒక్క గెంతు గెంతింది. సేవ్ నొక్కడానికి వేలు కదిలేలోపు స్క్రీను ఆరిపోయింది.

ఇబ్రహీంపట్నంలో ఏమీ పేలలేదు. ఏమీ జరగలేదు కాబట్టి ఎవరికీ ఏమీ తెలియలేదు.

నాలుగో రోజు చీఫ్ నబీని పిలిచింది. సెక్షన్ రిజిస్టర్ కూడా షీటే. ఏజెంట్ల పేర్లు, జీతాలు, ప్రమోషన్లు, అన్నీ చీఫ్ కంప్యూటర్లో ఆ ఒక్క షీట్‌లో లెక్కపడతాయి. ఆ సాయంత్రం పైఆఫీసు రివ్యూ. మహెక్ పేరు ఎదురుగా ఒక్క గడి ఖాళీగా ఉంది.

"శత్రువు అని కొట్టు. నువ్వే ఉన్నావుగా అక్కడ."

"ఆమె కాపాడింది మేడం. ఆ గడిలో రాసింది."

"ఏ గడి? మన టెక్నికల్ వాళ్ళు డిస్కు అంతా వెతికారు. ఆమె రాసిన కోడ్ ఉంది. నువ్వు చెప్పింది లేదు. చూపించు, మారుస్తాను."

"నా మాట?"

"నువ్వు ఆమెను పెళ్ళి చేసుకోవాలనుకున్నవాడివి. నీ మాట ఫైల్లో ఎలా పెట్టను నబీ? నాకు మాత్రం బాధ లేదా? కొట్టు. వాళ్ళమ్మకి పెన్షన్ రాదంతే. బందరు వెళ్ళి నేనే మాట్లాడతా."

నబీ చీఫ్ కుర్చీలో కూర్చున్నాడు. గడి తెరిచాడు. కొట్టడం మొదలుపెట్టాడు. 'మీ అమ్మ దాల్చాలో ఉప్పెక్కువేసింది' అని కొట్టాడు. 'వెనక్కి నడిచే దారి పెట్టలేదు' అని కొట్టాడు. 'సరే' అని కొట్టి, కాసేపు ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఏంటది? రివ్యూ వాళ్ళు లైన్లో ఉన్నారు. టోటల్స్ కదలట్లేదేంటి? హ్యాంగయిందా?"

"లేదు మేడం. ఆగింది."

"ఎంటర్ కొట్టు."

"కొడతాను. రాయాల్సింది ఇంకా ఉంది."

గుమ్మం దగ్గర ఇద్దరు గుమాస్తాలు, తర్వాత నలుగురు, ఆ తర్వాత ఆఫీసంతా వచ్చి నిలబడింది. కుర్చీలోంచి నబీని లేపడానికి ఎవరూ ముందుకు రాలేదు. కిటికీ అవతల ఏడింటికి ఊళ్ళో దీపాలు ఒక్కో వీధీ ఆరిపోయాయి. చీఫ్ ఆశగా కంప్యూటర్ వైపు చూసింది.

మత్స్య గణాంకాల ఉపకార్యాలయానికి మాత్రం జనరేటర్ ఉంది. అక్కడ కరెంటు పోదు.