మూత వేసిన స్టాంపు ప్యాడ్

ఉదయం 11:36. రేవులోని ఇమిగ్రేషన్ హాల్లో ఎంట్రీ స్టాంపు మాయమైంది.

అంతకంటే దిక్కుమాలిన వేళ దొరకదు. సరిగ్గా పన్నెండు నుంచి విజిటర్ వీసాల వాళ్ళకు దేశంలోకి ప్రవేశం బంద్. తాత్కాలికమేనట, మూడు నెలలు. ఈలోపు స్టాంపు పడితే లోపలికి, లేదంటే వచ్చిన పడవలోనే వెనక్కి. ఉన్నది ఒక్కటే స్టాంపు. క్యూలో ఇంకా నలుగురున్నారు.

11:41కి విజిలెన్స్ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. నవ్వడం బొత్తిగా అలవాటు లేని మనిషి. వస్తూనే తలుపులు వేయించింది.

"స్టాంపు ఎక్కడ పెట్టారు?"

"ప్యాడ్ మీదే వదిలేసి టీకి లేచాను మేడమ్. రెండే నిమిషాలు," అన్నాడు కౌంటర్ ఆఫీసరు. ఇరవై రెండేళ్ళ సర్వీసు ఆయనది.

"ఇటు ఎవరొచ్చారు?"

"ఇంకెవరు? ఊడ్చే ఆవిడ. వీళ్ళ చేతివాటం మనకు తెలియనిదా?"

ఊడ్చే ఆవిడ చేతిలోంచి చీపురు జారిపోయింది. "కింద ఊడ్చానంతేనమ్మా! నా బిడ్డల మీద ఒట్టు!"

గార్డు ఆమె బకెట్టు బోర్లించి చూశాడు. ఏమీ లేదు.

క్యూలో చివర నిలబడ్డ ముసలామె తల దించుకుంది. ఇన్‌స్పెక్టర్ అది గమనించింది. 11:46.

"ఎందుకొచ్చారమ్మా?"

"ఎల్లుండి మేనకోడలి పెళ్ళి. ఆ పిల్లే ఆహ్వాన పత్రం పంపింది."

"ఏం చేస్తుంటారు?"

"బస్టాండు ఊడుస్తానమ్మా."

ఇన్‌స్పెక్టర్ ఆ పత్రం మీది అడ్రసు రెండుసార్లు చదివింది. నేరుగా కౌంటర్ దగ్గరికి నడిచింది.

"స్టాంపు ప్యాడ్ మీదే వదిలేశానన్నారు. అంటే మూత తీసే ఉంది."

"అవును మేడమ్."

"మరి ఇప్పుడు మూత వేసి ఉందేం? సిరా ఎండిపోతుందని దొంగ బెంగ పెట్టుకున్నాడా?"

గార్డు పకపకా నవ్వాడు. "మూత పిచ్చి మా సారుకే మేడమ్! నా టీ గ్లాసుకి కూడా మూత వెతుకుతారు..." అని ఠక్కున నోరు మూసుకున్నాడు.

"కోటు జేబులోది బయటపెట్టండి."

ఆఫీసరు కోటు జేబులో చెయ్యి పెట్టాడు. స్టాంపుతో పాటు ఊదా రంగు మరకా బయటపడింది.

"పత్రం మీద ఉన్నది మీ ఇంటి అడ్రసే కదూ? మీ సర్వీసు ఫైల్లో చూశాను."

"మా అక్క," అని గొణిగాడు. "మా అమ్మాయి నాకు చెప్పకుండా పిలిచింది. వియ్యాలవారితో నాకెవరూ లేరని చెప్పుకున్నాను. స్టాంపు పడకపోతే తప్పు రూలు మీదికి పోతుందనుకున్నా."

"మిగతా ముగ్గురూ మిమ్మల్నేం చేశారు? ఊడ్చే ఆవిడ ఏం చేసింది?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"కూర్చోండి. స్టాంపులు వేయండి. సస్పెన్షన్ సంగతి పన్నెండు దాటాక చూద్దాం."

మూడు స్టాంపులు పడ్డాయి. 11:58కి అక్క పాస్‌పోర్టు ముందుకు జరిపింది.

"నీకు అక్కనని ఎవరితోనూ అనన్లేరా. వెనక వరసలో నిలబడి పిల్లని ఓసారి చూసుకుని వెళ్ళిపోతా," అంది నెమ్మదిగా. "కానీ ఆవిణ్ణి అంత మాట అన్నావు చూడు, అది బాగాలేదు."

ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. స్టాంపు వేశాడు. 11:59. కుర్చీలోంచి లేచి, హాల్లో అందరూ చూస్తుండగా ఊడ్చే ఆవిడ ముందు చేతులు జోడించాడు.

"తప్పు నాదేనమ్మా. అదిగో, ఆవిడ మా అక్క. ఆవిడా నీలాగే ఊడుస్తుంది."

కౌంటర్ మీద ప్యాడ్ మూత తీసే ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి.