మత్తు దిగాక చెప్పాల్సిన మాట

పొద్దున ఏడున్నరకి స్నానాల గది తలుపు ఎంత కొట్టినా అమ్మ పలకలేదు. కూతురు భుజంతో గట్టిగా నెట్టి లోపలికి వెళ్ళింది. అమ్మ బకెట్ పక్కన కాళ్ళు చాపుకుని, గోడకి చేరగిలబడి ఉంది.

"కళ్ళు తిరిగాయే. వేడినీళ్ళ ఆవిరి పడలేదు," అంది, నాలుక మడతపడుతుంటే.

బకెట్ ఖాళీ. నేల పొడిపొడిగా ఉంది. షాంపూ సీసా మూత తీస్తే గుప్పున బ్రాందీ వాసన.

కూతురు అరవలేదు. అమ్మని మంచం మీద పడుకోబెట్టి, తన కళ్ళద్దాల షాపుకి ఆ రోజు సెలవు పెట్టేసి, తమ్ముడికి ఫోన్ చేసింది. లిఫ్టులు బాగుచేసే తమ్ముడు గ్రీజు చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. వచ్చేసరికి బల్ల మీద రెండు కరపత్రాలు ఉన్నాయి.

"తాగుడు మాన్పించే చోట్లు ఈ రెండూ. ఇది దగ్గర్లోనే. డాక్టర్లుంటారు, ఆదివారాలు మనం వెళ్ళి మాట్లాడొచ్చు. ఇదేమో ఊరి బయట. మూడు నెలలు ఫోన్లు లేవు, ఎవర్నీ కలవనివ్వరు. నేను దీన్నే ఖాయం చేశాను."

"అక్కడ కొడతారటక్కా! మా పనిలో ఒకాయన వెళ్ళొచ్చాడు."

"నేనూ విన్నాను."

"విని కూడా అక్కడికేనా?"

"విన్నాకే ఖాయం చేశాను."

తమ్ముడు ఆమె మొహంలోకి చూశాడు. "ముప్పై ఏళ్ళు నర్సుగా ఎంతమందికి సేవ చేసింది! అమ్మ మీద నీకింత కసేంటి?"

కూతురు చొక్కా చెయ్యి పైకి లాగింది. భుజం నుంచి మోచేతి దాకా కాలి ముడతలు పడిన తోలు.

"ఇదెలా అయిందిరా?"

"చిన్నప్పుడు అల్లరి చేసి పాలగిన్నె లాగేశావుగా."

"ఆ గిన్నె లాగింది నేను కాదు. అమ్మ తాగి, తూలి, నా మీద ఒంపేసింది. నాకు పదేళ్ళు, నీకు నాలుగు. ఆసుపత్రిలో అందరి ముందూ నేనే లాగానని చెప్పింది. చుట్టాలంతా నన్ను పాలగిన్నె అని పిలిచి నవ్వారు. నువ్వూ నవ్వావు."

"అమ్మ అలా అబద్ధం ఎందుకు చెబుతుందక్కా?"

ఆ ఒక్క మాటకి ఆమె ఒళ్ళు మండిపోయింది. "పద, అమ్మ లేచేలోగా ఆ ఊరి బయటి చోటు చూసొద్దాం," అంది.

పన్నెండడుగుల గోడ, ఇనుప గేటు. లోపల మేనేజరు తాళాల గుత్తి ఆడిస్తూ వరండా అంతా తిప్పి చూపించాడు. "ఇక్కడ ఎంత మొండివాళ్ళైనా దారికి రావాల్సిందే," అన్నాడు. కూతురికి ఆ మాట తియ్యగా వినిపించింది. అమ్మని ఆ గదుల్లో ఊహించుకుంటూ నడిచింది.

చివరి గది ఊచల్లోంచి అమ్మ వయసున్న ఒకావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. గుండు గీశారు. చెంప కమిలి ఉంది.

"నా కూతురే తెచ్చి పడేసిందమ్మా. నేను దానికేం అపకారం చేశాను? నువ్వే చెప్పు! దాని పాపం ఊరికే పోదు."

ఆవిడ తన కూతురి తప్పులే ఒకటొకటిగా చెప్పుకుపోయింది. తన తాగుడు మాట ఒక్కటీ లేదు.

కూతురు చెయ్యి విడిపించుకుని బయటికొచ్చేసింది. గేటు దాటాక తమ్ముడితో అంది: "ఇక్కడ వద్దు."

"హమ్మయ్య! జాలేసిందా?"

"ఆవిడ మీద వేసింది. అమ్మ మీద కాదు. ఇక్కడ పెడితే మూడు నెలల తర్వాత అమ్మే అన్యాయమైపోయిన మనిషి అవుతుంది, మళ్ళీ నేను దోషినవుతాను. నాకు అమ్మ మత్తు లేకుండా, ఒంటి మీద దెబ్బ లేకుండా కావాలి. అప్పుడు అడుగుతాను. తప్పించుకోడానికి ఏ సాకూ ఉండకూడదు."

అలా అమ్మ, డాక్టర్లున్న ఆ దగ్గర్లోని చోట చేరింది. మొదటి వారాలు ఒణికింది, తిట్టింది, ఇంటికి తీసుకెళ్ళమని ఏడ్చింది. కూతురు ప్రతి ఆదివారం వెళ్ళి, ఎదురుగా కూర్చుని, అమ్మ కళ్ళు తేటపడ్డాయేమో చూసి వచ్చేది.

ఆరో ఆదివారం అమ్మ కళ్ళు తేటగా ఉన్నాయి. డాక్టరమ్మ ముందు, తమ్ముడి ముందు కూతురు అడగాల్సింది అడిగేసింది.

"పాలగిన్నె ఎవరు ఒంపారమ్మా?"

అమ్మ కూతురి కాలిన చేతికేసి చూసింది.

"నేనే. తాగున్నాను. సంగతి బయటపడితే ఉద్యోగం పోతుందని పసిదాని మీదకి నెట్టేశాను. అది బాధతో గిలగిల్లాడుతుంటే, అరిచి నిజం చెప్పేస్తుందేమోనని భయపడ్డాను. నేను తల్లినేనా?"

తమ్ముడు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

ఇరవై ఆరేళ్ళు ఎదురుచూసిన మాట. అయినా కూతురి కసి తీరలేదు. "మాకు చెబితే సరిపోదు. నన్ను చూసి నవ్విన ప్రతివాళ్ళకీ చెప్పాలి."

"చెప్తాను. ఫోనివ్వు."

మొదట పిన్నికి చేసింది. "చెల్లీ, పెద్దదాన్ని కాల్చింది నేనే. అది గిన్నె ముట్టుకోలేదు..." అవతల పిన్ని ఏమేమో అడుగుతోంది. అమ్మ ఏదీ దాచలేదు, ఏడుపు అడ్డం పెట్టుకోలేదు. అది అయ్యాక మామయ్య నంబరు కోసం వెతికింది. వేళ్ళు ఒణికి రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి మళ్ళీ మొదలుపెట్టింది.

ఆ ఒణికే వేళ్ళని కూతురు తన చేత్తో పట్టుకుని ఆపింది. ఫోను మెల్లగా తీసుకుంది.

"చాలమ్మా," అంది కన్నీళ్ళు ధారగా కారుతుంటే. "మిగతావాళ్ళకి మనింటికొచ్చాక చెబుదువుగాని."