ఎనిమిదో బోల్టు

ఏజెంట్ ట్వంటీటూ ఇంకా కుర్చీలో కూర్చోనే లేదు, చీఫ్ తలుపు మూసి గడియ పెట్టాడు.

“టైమెంత?”

“పదకొండూ అయిదు సార్.”

“పన్నెండింటికి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ పేలిపోతుంది. బాంబు ఆ భవనం కింద సెల్లార్‌లో, ఒక లాండ్రీ వ్యాన్‌లో ఉంది.” చీఫ్ అతని వైపు తిరిగాడు. “ఆ వ్యాన్‌లోనే మీ అక్క కూడా ఉంది.”

ట్వంటీటూ అక్క ఏజెన్సీ కోడ్ విభాగంలో పనిచేస్తుంది. పక్కదేశపు ముఠా పంపిన సందేశాన్ని ఆ ఉదయమే విప్పింది. ఆ కాగితం పట్టుకుని మూడో అంతస్తులో లిఫ్ట్ ఎక్కింది, అయిదో అంతస్తులో దిగలేదు. మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. కాగితం నకలు మాత్రం ఆమె బల్ల మీద దొరికింది, బాంబు సంగతి తెలిసింది దాన్నిబట్టే.

ఎక్స్ఛేంజ్ ఖాళీ చేయిస్తున్నారు. బాంబు స్క్వాడ్ ఊరికి ఆ చివర ఉంది, పన్నెండూ పది లోపు రాలేదు. వ్యాన్‌ని అవతలికి లాగుదామంటే నాలుగు టైర్లూ కోసేసి పెట్టారు. మిగిలింది ట్వంటీటూ ఒక్కడే. ముఠాలో రెండేళ్లుగా మన తరఫున పనిచేస్తున్న ఇస్పేటు రాణి అక్కడ ఎదురు చూస్తోందని, అక్క వ్యాన్‌లో ఉందన్న కబురు పంపింది ఆమేనని, సాయం చేస్తుందని చీఫ్ చెప్పాడు.

ఇస్పేటు రాణి సెల్లార్ మెట్ల దగ్గర నిలబడి ఉంది. నల్ల గౌను, నల్ల చేతితొడుగులు. సెంటు వాసన మనిషికంటే ముందే వచ్చింది.

“గడియారం ఎలా ఉంది?” అంది. అది కోడ్.

“అయిదు నిమిషాలు వెనక,” అన్నాడు ట్వంటీటూ. అది జవాబు.

ఆమె నవ్వి, అతని అరచేతిలో ఒక తాళంచెవి పెట్టింది. “వెనక తలుపుది. ఇది సంపాదించడానికి ఎన్ని నవ్వులు నవ్వానో అడక్కు.”

పదేళ్ల సర్వీసు, ఆరు మెడల్స్, అయినా మగాడు మగాడే. ట్వంటీటూ ఆ తాళంచెవి పట్టుకుని పరుగెత్తాడు. అది చిన్న వ్యాన్. ముందు రెండు సీట్లు, వెనక సామాన్ల పెట్టె, ఆ రెంటికీ మధ్య సీట్ల వెనకాల నిలువెత్తు ఇనప రేకు. వెనక తలుపు కన్నంలో తాళంచెవి పెట్టబోతుంటే లోపల్నుంచి మడమతో కొడుతున్న చప్పుడు వినిపించింది. చిన్న దెబ్బలు, పెద్ద దెబ్బలు. మోర్స్ కోడ్.

తలుపు. ముట్టుకోకు. వైరు ఉంది. వెధవా.

చివరి మాటతో లోపలున్నది అక్కేనని ఖాయమైపోయింది. ట్వంటీటూ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తిరిగి చూస్తే మెట్ల దగ్గర సెంటు వాసన తప్ప ఏమీ లేదు. రెండేళ్లుగా ఇస్పేటు రాణి ఎవరి తరఫున ఆడుతోందో అప్పటికి అర్థమైంది. రేడియోలో చీఫ్‌కి చెప్పి, పై గేటు మూయించాడు.

ఇక దారి ముందునుంచే. కేబిన్‌లోకి ఎక్కాడు. సీట్లు ముందుకి జరిపి, వాటి వెనక దూరాడు. బూటు మడమలో కత్తి ఉంది, వాచీలో కెమెరా ఉంది, లైటర్‌లో ఇనుమును కోసే టార్చ్ ఉంది. లైటర్ తీసి రేకు మీద తట్టి, కోస్తానని కోడ్‌లో చెప్పాడు. వద్దని వెంటనే జవాబొచ్చింది. లోపల పెట్రోలు డబ్బాలున్నాయట, తన కాళ్ల పక్కనే. రేకు చుట్టూ ఎనిమిది బోల్టులున్నాయి. ప్రపంచంలో ఉన్న పరికరాలన్నీ ఒంటి మీద ఉన్న ట్వంటీటూ దగ్గర ఒక్క స్పానర్ లేదు.

టైము పదకొండూ ముప్పై.

అప్పుడే అతనికి రేకు మూలన అంటించిన చిన్న స్టిక్కర్ కనిపించింది. ‘అన్ని రకాల బాడీ పనులు, గ్యారంటీ’ అని రాసి కింద ఫోన్ నంబర్ ఉంది. దేశాల్ని గడగడలాడించే ముఠా కూడా చివరికి వీధి చివర షెడ్డులోనే పని చేయించుకుంటుందన్నమాట. కంట్రోల్ రూమ్ వాళ్లు ఆ నంబర్ కలిపి, లైను అతని రేడియోకి ఇచ్చారు.

షెడ్డు మేస్త్రి ఫోన్ ఎత్తాడు. వ్యాన్ పేరెత్తగానే, అందులో కంప్లైంటు వచ్చే ప్రసక్తే లేదని ముందే గట్టిగా చెప్పాడు. రేకు విప్పాలంటే నొచ్చుకున్నాడు. లోపల ఒక మనిషి ఉందని, బాంబు ఉందని, ఇంకా అరగంటే ఉందని చెప్పాక గొంతు తగ్గింది.

“డ్రైవర్ సీటు కింద గుడ్డసంచి ఉంటది చూడండి బాబూ. పదమూడో నంబర్ స్పానర్ అందులోనే పెట్టా. పైనుంచి మొదలెట్టండి. భయం లేదు, మరలకి గ్రీజు రాశా. తర్వాత విప్పేవాడు మనల్ని తిట్టుకోకూడదుగా.”

నిజమే. మొదటి బోల్టు ఒక్క తిప్పుకి కదిలింది, తర్వాత వేళ్లతోనే వచ్చేసింది. రెండు, మూడు, నాలుగు. జన్మలో చూడని మనిషి మీద ట్వంటీటూకి ప్రేమ పుట్టుకొచ్చింది. అక్క లోపల్నుంచి నిమిషాలు కొడుతోంది. ఇరవై. పదిహేడు. ఏడో బోల్టు సీటు పట్టాల కింద ఇరుక్కుని చాలాసేపు ఏడిపించింది. అది చేతిలోకి వచ్చేసరికి పన్నెండు నిమిషాలున్నాయి.

ఎనిమిదోది కింద మూలన, సీటుబెల్టు చుట్టుకునే డబ్బా వెనక ఉంది. వేలి కొస తగులుతోంది, అంతే. స్పానర్ దూరదు. డబ్బా ఊడదీద్దామంటే దాని బోల్టుకి నక్షత్రం ఆకారపు కన్నం ఉంది. ఆ కన్నానికి పట్టేది ఏదీ సంచిలో లేదు. కత్తి కొస పెట్టి తిప్పితే అది పుటుక్కున విరిగింది. ఎడమ చేత్తో ప్రయత్నించాడు, తలకిందులుగా ప్రయత్నించాడు. మెటికలు కొట్టుకుపోయి నెత్తురొచ్చింది.

“మేస్త్రీ, ఎనిమిదోది ఎలా?”

లైన్లో చప్పుడు లేదు.

“మేస్త్రీ?”

“ఉన్నా బాబూ.”

అక్క కోడ్ మారింది. అయిదు, అని కొట్టి ఆగింది. తర్వాత చాలా మెల్లగా కొట్టింది: చాలు. నువ్వు పో.

ట్వంటీటూ రేకుకి నుదురు ఆనించి కూర్చుండిపోయాడు. వేలెడు మందం కూడా లేని రేకు. దానికి అవతల, చిన్నప్పుడు తనకి బూటు లేసులు కట్టిన మనిషి. తుపాకులకి భయపడనివాడు, రాయబారుల్ని బురిడీ కొట్టించినవాడు, ఒక్క బోల్టు ముందు చేతకానివాడై ఏడ్చాడు. ఏడుస్తూనే, పోను అని వేలితో కొట్టాడు.

ఆ ఏడుపు రేడియోలో మేస్త్రికి వినిపించినట్టుంది.

“బాబూ, ఒక మాట,” అన్నాడు. “ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నా. ఎవడూ నన్ను వేలెత్తి చూపలా.”

“చెప్పు మేస్త్రీ.”

“అక్కడ కన్నం సరిగ్గా కుదర్లేదు. అర అంగుళం పక్కకి పోయింది. మళ్లీ రేకంతా దింపాలి. సాయంత్రం అయిపోయింది, పని పురమాయించిన మేడమ్ వచ్చి నెత్తి మీద నిలబడింది, బోల్టులు ఒక్కొక్కటీ లెక్క చూసుకుంటోంది. దాంతో...” గొంతు మరీ సన్నగిల్లింది. “తల కోసి అంటించేశా. పైన రంగు కొట్టా. అక్కడ బోల్టు లేదు బాబూ. వట్టి తలకాయే.”

ట్వంటీటూకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక తిట్టడానికి తీరిక లేదు.

“అయితే రేకు ఎందుకు కదలట్లేదు?”

“అంచుల్లో గమ్ము పట్టుంటది. పైనుంచి లాగండి. అవతల్నుంచి ఎవరైనా తన్నితే ఇంకా మంచిది.”

ట్వంటీటూ ‘తన్ను’ అని కోడ్‌లో కొట్టాడు. చిన్నప్పట్నుంచీ ఆ విషయంలో అక్కకి ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు. కట్టేసిన రెండు కాళ్లూ ఎత్తి తన్నింది. అతను విరిగిన కత్తిముక్క అంచులో దూర్చి, రెండు చేతులతో లాగాడు. మొదటి తన్నుకి గమ్ము చిరిగింది. రెండో తన్నుకి రేకు వంగింది. మూడో తన్నుకి రేకూ, దానితోపాటు ట్వంటీటూ, ముందు సీట్ల మీద పడ్డారు.

అక్క నోట్లోంచి గుడ్డ లాగాడు.

“వైర్ల జోలికి పోకు,” అంది ఆమె రొప్పుతూ. “బాంబు కింద చిన్న బ్యాటరీ ఉంది, వాళ్లు పెడుతుంటే చూశాను. దాన్ని ఊడదియ్.”

ఊడదీశాడు. గడియారం పదకొండు సెకన్ల దగ్గర ఆగింది.

కట్లు విప్పాక అక్క అతని మెటికల వంక చూసి, చీర చెంగు చింపి కట్టింది.

“ఎనిమిది నెలలైందిరా నువ్వు ఇంటికొచ్చి,” అంది.

“వస్తానే.”

“ఇదేనా రావడం?”

రేడియోలో మేస్త్రి ఇంకా ఉన్నాడు. లోపలి మనిషి క్షేమమేనా అని రెండుసార్లు అడిగాడు. క్షేమమే అన్నాక పెద్దగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది.

“బాబూ, ఇంకొక్కటి. ఆ బోల్టు సంగతి ఆ మేడమ్‌కి మాత్రం చెప్పకండి. గ్యారంటీ రాసిచ్చా.”

“చెప్పను మేస్త్రీ. ఒట్టు.”

గేటు దగ్గర పట్టుబడిన ఇస్పేటు రాణిని బేడీలతో తీసుకొచ్చారు. ఆమె ఊడిన రేకు చూసింది. ఎనిమిది బోల్టులూ తనే లెక్క చూసుకున్న మనిషి. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది ఆమె ముఖంలో.

“ఆ మూలకి స్పానర్ పట్టదు. అందుకే బెల్టు డబ్బాకి ఆ నక్షత్రం కన్నపు బోల్టు పెట్టించాను,” అంది. “ఎలా విప్పావు?”

“దాని గురించి మాట్లాడే అధికారం నాకు లేదు,” అన్నాడు ట్వంటీటూ.

సాయంత్రం రాసిన రిపోర్టులో ఎనిమిదో బోల్టు పేరా చుట్టూ నల్ల గీత కొట్టి, ‘అత్యంత రహస్యం’ అని ముద్ర వేశాడు. దేశ భద్రత కోసం కాకుండా ఒక మేస్త్రి పరువు కోసం ఆ ముద్ర వాడింది, ఏజెన్సీ చరిత్రలో అదొక్కసారే.