పదకొండు గంటల మాత్ర

ఆస్పత్రి మందుల స్టోర్ ఆఫీసరుని సొంత టైతోనే మెడ బిగించి చంపారు. లాకరు బార్లా తెరిచి ఉంది. అందులోంచి పోయింది ఒకే ఒక్క కాగితం.

"ఆ కాగితం ఏమిటో తెలుసా?" శవం ఫోటోలను బల్లమీదికి విసిరాడు చీఫ్. ఆయన మామూలుగా మాట్లాడినా తిట్టినట్టే ఉంటుంది.

"చెబితే తెలుస్తుంది సర్," అన్నాడు ఉడుము. పట్టిన పట్టు వదలడు కాబట్టి గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతనికి ఆ పేరు ఖాయమైంది.

"గుండెజబ్బుకి వాడే పాత మాత్ర ఒకటుంది. చవక. మొండి ఊపిరితిత్తుల జబ్బుకి అది పనికొస్తుందేమోనని మన డాక్టర్లు ట్రయల్ మొదలెట్టారు. రేపు పొద్దున పదకొండింటికి ఫస్ట్ డోస్. నలభైమంది పేషెంట్లు. సగంమందికి అసలు మందు, సగంమందికి ఉత్త పిండిబిళ్ళ. ఎవరికేదో డాక్టరుకీ తెలీదు, నర్సుకీ తెలీదు. సీసామీద నంబరే ఉంటుంది. ఆ లిస్టే పోయింది. ఇది విదేశీ మందుల ముఠా పని."

"విదేశీ ముఠాకి దాంతో ఏం పని?"

"ఇది గెలిస్తే వాళ్ళ ఖరీదైన మందులు మూలపడతాయి. అసలు మందున్న సీసాల్లోనే ఊపిరిగొట్టాలు బిగుసుకుపోయే మాత్రలు పెడితే? ఆ ఇరవైమందే చస్తారు. నింద మన మాత్రమీద పడుతుంది."

"ట్రయల్ ఆపేద్దాం."

"అక్కర్లేదు. ట్రయల్ నడిపే కోఆర్డినేటర్ మన మనిషే. సీసాలన్నీ మార్పించానని కబురు పంపింది. నువ్వు హంతకుణ్ణి పట్టు. పేషెంటు బంధువుగా లోపలికెళ్ళు. ఆ నలభైమందిలో మీ మామగారున్నారు."

ఉడుము మొదటిసారి భయపడ్డాడు. ముఠాకి కాదు, మామగారికి.

ఆయన ముప్పయ్యేళ్ళు రాళ్ళ మిల్లులో దుమ్ము మింగిన మనిషి. రెండు మాటలంటే ఆయాసం. ఆ రెండూ అల్లుణ్ణి తిట్టడానికే దాచుకుంటాడు. అల్లుడు వాటర్ ఫిల్టర్లు అమ్ముకుంటాడని ఆయన నమ్మకం.

"కుర్చీ... దూరంగా జరుపు. నీ సెంటు... చంపుతోంది," అన్నాడు మర్నాడు వార్డులో తన మంచం పక్కన కూర్చోబోయిన అల్లుడితో.

కోఆర్డినేటర్ వార్డులోకి వచ్చింది. తెల్లకోటు కూడా ఆమె ఒంటిమీద పార్టీ డ్రెస్సులా ఉంది. కొప్పులో పొడవాటి వెండి పిన్ను.

"కిటికీ రెక్క ఊడింది," అంది మెల్లిగా.

"వడ్రంగి బయల్దేరాడు," అన్నాడు ఉడుము. కోడ్ సరిపోయింది.

పదకొండు. మొదటి మంచం మామగారిదే. ఆమె మాత్ర అందించింది. ఆయన మొండికేశాడు.

"నాది ఊపిరి రోగం... గుండె మందు నాకెందుకమ్మా?"

ఆమె చిరాగ్గా వాచీ చూసుకుంది. "మీకొచ్చింది పిండిబిళ్ళ కాదు బాబాయిగారూ, అసలు మందే. వేసుకోండి, వారంలో మెట్లెక్కేస్తారు!"

మామగారి ముఖం వెలిగింది. మాత్ర పెదాలదాకా వెళ్ళింది.

ఉడుము చటుక్కున ఆమెవైపు తిరిగాడు. అసలు మందు ఎవరికొచ్చిందో ఈ భవనంలో ఎవరికీ తెలియకూడదు. ఆ కాగితం చదివినవాళ్ళకి తప్ప!

ఒక్క ఉదుటున లేచి మామగారి చేతిలోని మాత్రను ఎగరగొట్టాడు. ఆమె చెయ్యి కొప్పులోకి వెళ్ళింది. వెండి పిన్ను అతని మెడకి అంగుళం దూరంలో ఆగింది. దాని కొసన పచ్చటి విషపు చుక్క. రెండు చేతులూ ఒడిసిపట్టి ఆమెను గోడకి అదిమాడు.

"సీసాలు ముట్టుకోవద్దు!" అని చొక్కా గుండీలోని మైకులోకి అరిచాడు.

"ఆ ముసలాడు పోతే నీకేం?" ఆమె బుసకొట్టింది. "నిన్ను పురుగులా చూస్తాడుగా!"

"మా ఆవిడ ఏడుస్తుంది," అన్నాడు ఉడుము.

వార్డుబాయ్ వేషాల్లో ఉన్న కమాండోలు ఆమెను స్ట్రెచర్‌కి కట్టి తీసుకుపోయారు. చెవిలో చీఫ్ గొంతు మోగింది: "వెరీగుడ్. ఎవరికీ ఒక్క ముక్క చెప్పకు. ఇంట్లోవాళ్ళకి అసలే వద్దు."

ఉడుము వెనక్కి తిరిగాడు. మామగారు ఫోన్ చెవికి ఆనించుకుని ఉన్నాడు.

"అమ్మడూ... నీ మొగుడు... నా నోటికాడ మందు... ఎగరగొట్టాడే! అంతటితో ఆగాడా... అందరి ముందూ... ఆ పిల్లని గోడకి..." ఆయాసం ముంచుకొచ్చి ఆగాడు.

ఆ ముసలాయన ఊపిరి కోసం ప్రాణాలకు తెగించిన ఉడుము, అది ఇంకో రెండు నిమిషాలు అందకపోతే బాగుండునని దేవుణ్ణి వేడుకున్నాడు.