కమాను మీద పాత పేరు

నవంబరు శనివారం, సాయంత్రం నాలుగు. సన్నగా మంచు, గాలి లేదు. మర్నాడు చనిపోయినవాళ్ళ ఆదివారం. ఊరంతా సమాధుల దగ్గరికి వస్తుంది.

మా శ్మశానానికి నాలుగు వైపులా రాతి కమానులే. ప్లేగు రోజుల్లో కట్టినవి. కమానుకొక కుటుంబం, నేల కింద వాళ్ళ సమాధి గది. వంశం అంతరించిపోతే, ఆ కమానును బాగుచేయించినవాళ్ళకు ఇస్తారు. షరతు ఒక్కటే: రాతి మీది పాత పేరు కనిపిస్తూ ఉండాలి.

అలా వచ్చిన కమానులోనే మా అత్తగారి చితాభస్మం పెట్టాం. ఆవిడ పేరు చిన్న రేకు మీద. పైన మూరెడు అక్షరాల్లో ఎవరిదో పేరు. చలికాలానికి నేల మీద కప్పాల్సిన దేవదారు కొమ్మలను పైకెత్తి ఆ పేరు మీద కట్టాను.

"అద్దెకు దిగి ఓనరు పేరు చెరిపేసినట్టుందమ్మా," అంది మా అమ్మాయి రోజీనా. పన్నెండేళ్ళది, నోరు ఎక్కువ.

"నోర్ముయ్. రేపు వచ్చేవాళ్ళంతా ఆ పేరే చూస్తారు."

మా ఆయన గెర్నోట్ నవ్వి, నీళ్ళ డబ్బా తీసుకుని గేటు వైపు నడిచాడు. అదీ వెంట వెళ్ళింది.

గేటు మూసే గంట మోగింది. కమానుల కింద చీకటి ముందే దిగింది. తడి సున్నం వాసన. దాని వెనకాలే ఇంకేదో... ఏళ్ళ తరబడి తెరవని పెట్టె వాసన.

"ఎవరు కప్పారు?"

మెల్లగా అడిగారు. కాపలాదారు త్సైడ్లర్ అనుకున్నాను. సిగ్గుతో తల తిప్పలేదు.

"పిల్ల... తెలియక చేసింది."

"ఏ పిల్ల?"

"మా రోజీనా."

"రోజీనా." రుచి చూస్తున్నట్టు పలికింది ఆ గొంతు.

వెనక నుంచి కాదు. నా కాళ్ళ కింద నుంచి...

పరుగెత్తాను. గేటు బయట త్సైడ్లర్, చేతిలో తాళాలు, మావాళ్ళతో కబుర్లు.

"మీ కోసమే ఆగానమ్మా. లోపల ఇంకెవరూ లేరుగా?"

లేరన్నాను. కొమ్మలు తీయడానికి వెనక్కి వెళ్ళలేదు. కన్నతల్లిని, నా తప్పు దాని మీద పెట్టి వచ్చాను.

ఇంట్లో పిల్ల బల్ల దగ్గర కూర్చుని రొట్టె తింటోంది.

"రోజీనా."

తల ఎత్తలేదు. మళ్ళీ పిలిచాను.

"ఆఁ, అమ్మా..." రోజీనా గొంతే, తలుపు అవతల, మెట్ల మీద నుంచి.

గెర్నోట్ వచ్చాడు. నేను వచ్చాను. బల్ల దగ్గర పిల్ల ఉంది. ముగ్గురం. శ్మశానానికి వెళ్ళిందీ ముగ్గురమే.