సుకి అంటే నాగలి కాదు

మా కొట్టులో రెండు బోర్డులున్నాయి. నాన్న వైపు ‘వాచీలు రిపేరు చేయబడును’ అని, నా వైపు ‘అమ్మిన సరుకు వాపసు లేదు’ అని. ఆయనది హామీ, నాది హెచ్చరిక. హామీ నిలబెట్టుకోవాలంటే రోజంతా పని చేయాలి. హెచ్చరికకి ఒక మేకు చాలు.

ఆ మేకు కిందే ఒకరోజు ఉదయం ఆమె వచ్చి నిలబడింది. పై అంతస్తు కళ్లజోళ్ల షాపులో కళ్లు పరీక్ష చేసే అమ్మాయి. ముందురోజే నా దగ్గర సెకండ్ హ్యాండ్ వీడియో గేమ్ ఒకటి కొనుక్కెళ్లింది. అరచేతిలో ఇమిడే మిషను, అందులో దూర్చే చిన్న క్యాసెట్టు. రెండూ తెచ్చి కౌంటర్ మీద పెట్టింది.

“ఇందులో ఒక్క ముక్క అర్థం కావట్లేదండీ.”

“గేములో అర్థం చేసుకునేదేముందండీ? బటన్ నొక్కితే వాడే గెంతుతాడు.”

“గెంతట్లేదు. పొలం మధ్యలో నిలబడ్డాడు. ఎవరెవరో వచ్చి ఏదేదో చెప్పి పోతున్నారు. ఇది జపనీసు.”

“అవునండీ. కవర్ మీద రాసే ఉంది కదా.”

“జపనీసులో ఉందని జపనీసులో రాసి ఉంది!”

పక్క కౌంటర్లో కంటికి భూతద్దం బిగించుకుని వాచీ విప్పుతున్న నాన్న భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడన్నమాట. సొంత కొడుకు బేరం చెడిపోతుంటే నవ్వే భాగస్వామి నాకు దొరికాడు.

“బోర్డు చూశారుగా? వాపసు లేదు.”

“మరి నన్నేం చేయమంటారు?”

“జపనీసు నేర్చుకోండి.”

బేరం తెంపడానికి అన్న మాట అది. మామూలుగా దీనికి గిరాకీ నాలుగు తిట్లు తిట్టి పోతుంది, అక్కడికి లెక్క సరి. ఈమె తిట్టలేదు. నా కళ్లలోకి తేరిపార చూసింది. కళ్లు పరీక్ష చేసేవాళ్ల చూపు వేరు. నాకు ముందుచూపు బొత్తిగా లేదని అక్కడికక్కడే తేల్చేసినట్టుంది.

“సరే,” అని రెండూ తీసుకుని వెళ్లిపోయింది.

మళ్లీ బ్యాటరీల కోసం దిగి వచ్చేసరికి ఎండలు పోయి వానలు మొదలయ్యాయి.

“వాపసు గారూ, బ్యాటరీలు ఇవ్వండి.”

అదే నా పేరైపోయింది. ఆ బిల్డింగులో టీ తెచ్చేవాడితో సహా అందరూ అదే పిలుపు. నాన్న కూడా, “ఒరేయ్ వాపసూ, ఆ స్క్రూడ్రైవర్ అందుకో,” అనడం మొదలుపెట్టాడు.

“ఇంకా ఆడుతున్నారా ఆ గేము?” అన్నాను బ్యాటరీలు ఇస్తూ.

“ఆడుతున్నానా? ముల్లంగి పండిస్తున్నాను. ఎద్దుని కొన్నాను.”

“చదవడం వచ్చేసిందా?”

“పాత గేము కదండీ, అంతా చిన్నపిల్లలు చదివే అక్షరాలే. మొదట్లో సంతలో షాపువాడు ఏమడిగినా ఊ అనేదాన్ని. విత్తనాల కోసం వెళ్లి గొడ్డలి తెచ్చుకున్నాను. మళ్లీ వెళ్లి ఇంకో గొడ్డలి. ఆ దెబ్బతో విత్తనం అనే మాట జన్మలో మర్చిపోను.”

నాకు ముచ్చటేసింది. నష్టపోయి నేర్చుకున్న మనిషిని చూస్తే వ్యాపారస్తుడికి సొంతవాళ్లని చూసినట్టు ఉంటుంది. ఆమె నవ్వినప్పుడు ఎడమ బుగ్గ మాత్రమే సొట్టపడింది. రెండో బుగ్గ ఎందుకు పడలేదని నేను ఆ పూటంతా ఆలోచించాను. ఒక గిరాకీని నిలబెట్టుకుని మరీ ఆలోచించాను.

ఆ రాత్రి నుంచి నేనూ మొదలుపెట్టాను. ఎవరూ కొనక అలమారాలో దుమ్ము పట్టిన జపనీసు క్యాసెట్టు ఒకటి ఉంది. అందులో అందరూ కత్తులు పట్టుకుని తిరుగుతుంటారు. పలకరింపు అంటే ఒకడి తల ఎగరడమే.

ఫలితంగా మా ఇద్దరి జపనీసూ రెండు రకాలుగా తయారైంది. ఆమెకి ‘ఈ ముల్లంగి పుచ్చుకోండి’, ‘మీ ఆవు కులాసానా’ లాంటివి వచ్చు. నాకు ‘కదిలావో నరుకుతా’ వచ్చు. మధ్యాహ్నం పూట ఆమె డబ్బా తెచ్చుకుని మా కౌంటర్ దగ్గర తినేది. ఆమె ఆవు క్షేమం అడిగేది, నేను వంశనాశనం చేస్తానని బెదిరించేవాణ్ణి. సంభాషణ బాగానే సాగేది.

ఒకరోజు నేను స్క్రీను చూస్తూ పైకే వల్లె వేస్తున్నాను. “అమే... అమే... అమే...”

నాన్న భూతద్దం తీశాడు. “ఎవర్రా ఆమె?”

“ఆమె కాదు నాన్నా, అమే. జపనీసులో వాన.”

“వాన కోసం అంత కలవరిస్తారట్రా ఎవరైనా?”

అప్పుడే మెట్లు దిగుతున్న ఆమె, “అమే అంటే వానేంటండీ? మిఠాయి,” అంది. “మా గేములో ఊరి పిల్లలకి ఇస్తే ఎగిరి గంతేస్తారు.”

“మా ఊళ్లో అమే పడితే కత్తులు తుప్పు పడతాయి.”

రెండు గేములూ పక్కపక్కన పెట్టి చూశాం. ఇద్దరిదీ నిజమే. ఒకే రాత, రెండు సరుకులు. పలకడంలో ఏదో తేడా ఉంటుందట కానీ మా పాత గేముల్లో మనుషులకి గొంతు లేదు, ఉత్త రాతే. ఆ రోజే నాకు బుద్ధి రావాల్సింది. ఒకే లేబుల్ కింద రెండు సరుకులుంటే మూత తీసి చూడాలన్నది వ్యాపారంలో మొదటి పాఠం.

నాకు రాలేదు. నష్టం ఆ తర్వాతి వానలో వచ్చింది.

సాయంత్రం. కుండపోత. వీధి మీద నీళ్లు బస్సుల కంటే వేగంగా పోతున్నాయి. నాన్న త్వరగా ఇంటికెళ్లిపోయాడు. ఆమె కింది దాకా వచ్చి, గొడుగు లేక మా చూరు కింద ఆగిపోయింది. వాన జల్లు ఆమె కళ్లజోడు మీద పడుతోంది. అందరి అద్దాలూ తుడిచే మనిషి, తన అద్దాలు తుడుచుకోకుండా అలాగే నిలబడింది.

“మా ఓనరు వేరే ఊళ్లో కొత్త బ్రాంచి పెడుతున్నాడు,” అంది. “నన్ను వెళ్లి చూసుకోమంటున్నాడు. వెళ్తానో మానతానో రేపు చెప్పాలి.”

“జీతం పెంచుతాడా?”

“ఆ.”

“ఉండడానికి గది ఇస్తాడా?”

“ఇస్తాడట.”

“మరింకేం, మంచి బేరం.”

నోరు ఆ మాట అంటుంటే లోపల ఏదో జారి పడ్డ చప్పుడైంది. కానీ వృత్తి అలవాటు, నోరు ముందు పరిగెత్తుతుంది. ఆమె కాసేపు వాన వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, చాలా మెల్లగా, “సుకి,” అంది.

నా గేములో సుకి అంటే ఏమరుపాటు. కాపలా లేని చోటు. ఎదుటివాడు ఆ మాట అన్నాడంటే మరుక్షణం కత్తి పక్కటెముకల్లో ఉంటుంది. నా చేయి దానంతటదే పక్కటెముకల మీదికి పోయింది. ఒక అడుగు వెనక్కి కూడా వేశాను.

“నాలోనా?” అన్నాను.

“అది మీరే చెప్పాలి.”

“నాలో లేదండీ. నేను చాలా జాగ్రత్త మనిషిని. సుకి అనేది నాలో వెతికినా దొరకదు.”

ఆమె మొహంలో రంగు మారింది. “వెతికినా దొరకదా?”

“ఒట్టు. మీకే కాదు, ఎవరికీ దొరకదు.”

చివరి మాట ధైర్యం చెప్పడానికి చేర్చాను. కొసరు అన్నమాట.

“అలాగా,” అంది. “నేను నాగలి గురించి అడిగాను లెండి. మా గేములో సుకి అంటే నాగలి.”

“నా దగ్గర నాగలి ఎందుకుంటుందండీ?”

“నాదే పొరపాటు,” అని ఆ వానలోనే వెళ్లిపోయింది.

మర్నాడు నేను లేనప్పుడు దిగి వచ్చి, మిషనూ క్యాసెట్టూ నాన్న చేతికి ఇచ్చి పోయింది. డబ్బులు అడగలేదు. “వాపసు తీసుకోరని తెలుసు, ఊరికే ఉంచుకోమనండి. ఆదివారం కొత్త బ్రాంచికి వెళ్తున్నాను,” అందట.

“ఏం చేశావురా?” అన్నాడు నాన్న.

“ఏం చేయలేదు నాన్నా.”

“అదే అయ్యుంటుంది.”

గిరాకీ లేని వేళ ఆ గేము పెట్టాను. ఆమె ఆపిన చోటే మొదలైంది. చక్కని పొలం, గళ్లు గళ్లుగా ముల్లంగి. కొట్టం దగ్గర ఎద్దు. దాని దగ్గరికి వెళ్తే పేరు చూపించింది. మూడు అక్షరాలు. వా, ప, సు.

ఎద్దుకి నా పేరు పెట్టింది! కోపం వచ్చింది. తర్వాత చూస్తే ఆ ఎద్దుకి నిగనిగలాడేలా ఒళ్లు తోమింది, రోజూ మేత వేసింది, మెడలో గంట కట్టింది. నన్ను మా ఇంట్లో కూడా ఎవరూ అంత బాగా చూసుకోలేదు.

నాగలి ఎక్కడుందా అని ఊళ్లోకి నడిచాను. రొట్టెల కొట్టు ముందు ఒక బొమ్మలాంటి పిల్ల నేను నడిపిస్తున్న కుర్రాణ్ణి ఆపింది. కింద అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి. ‘నాకు... మీరంటే... సుకి.’

నా చేయి మళ్లీ పక్కటెముకల మీదికి పోయింది. కత్తి రాలేదు. ఆ పిల్ల తల మీద ఎర్రటి గుండె బొమ్మ ఒకటి టపీమని లేచింది. దాని వెనకే ఇంకోటి.

మిషను కౌంటర్ మీద పెట్టేశాను.

“ఏంట్రా, చచ్చిపోయావా గేములో?” అన్నాడు నాన్న.

“ఇప్పుడు కాదు నాన్నా. మొన్న వానలో.”

మెట్లెక్కి పైకి పరిగెత్తాను. ఆమె అలమారాలో అద్దాలు సర్దుతోంది. నన్ను చూసి మొహం గంభీరంగా పెట్టుకుంది.

“ఏం కావాలండీ?”

“కళ్లు పరీక్ష చేయాలి. దగ్గరున్నవి కనబడట్లేదు.”

గిరాకీని కాదనలేదు కదా. కుర్చీలో కూర్చోబెట్టింది. ముక్కు మీద ఇనప ఫ్రేము తగిలించి, అద్దం మీద అద్దం దూర్చసాగింది.

“ఇది బాగుందా, ఇదా?”

“రెండూ ఒకేలా ఉన్నాయి.”

“పై వరుస చదవండి.”

“సు,” అన్నాను.

ఆమె చేయి ఆగింది. “అక్కడున్నవి ఇంగ్లీషు అక్షరాలండీ. కింది వరుస?”

“కి.”

“అద్దం మార్చమంటారా?”

“ఏ అద్దం పెట్టినా అదే కనబడుతోంది. నాగలి మాత్రం కనబడట్లేదు.”

 ఆ ఇనప ఫ్రేము వెనక నా కళ్లు గుడ్లగూబ కళ్లలా ఉండి ఉంటాయి. అయినా సరుకు మొత్తం దింపేయాలని నిర్ణయించుకున్నాను. జపనీసులో ‘మీరు’ అన్న మాట నాకొకటే వచ్చు. మా గేములో అందరూ అందరినీ అలాగే పిలుచుకుంటారు. గొంతు సవరించుకుని, మర్యాదగా, పూర్తి వాక్యం వదిలాను.

“కిసమా గా సుకి దా!”

ఆమె నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని భయపడ్డాను. నవ్వు. ఎడమ బుగ్గ సొట్టపడి, ఇక ఆగక, కుర్చీ వీపు పట్టుకుని మరీ నవ్వింది.

“ఏమన్నానేంటి?”

“మా ఊళ్లో ముల్లంగి దొంగని తరుముతూ అనే మాటండీ అది! కిసమా! ఒకప్పుడు మన ‘తమరు’లాగా మర్యాద మాటేనట. అరిగి అరిగి తిట్టయిపోయింది.”

“అయితే నేనన్నది...”

“‘ఒసేయ్ దొంగా, నువ్వంటే ఇష్టం’ అని.”

“అర్థం సరిపోయిందిగా?”

“సరిపోయింది,” అంది, ఫ్రేము నా ముక్కు మీంచి తీస్తూ. “మీరు నుంచి నువ్వుకి రావడానికి జపాను మీదుగా తిరిగి రావాలా నువ్వు?”

అంతలోనే నవ్వు తగ్గింది. “కానీ ఓనరుకి వెళ్తానని మాట ఇచ్చేశాను.”

“వాపసు తీసుకో.”

“ఎవరంటున్నారండీ ఈ మాట?”

“బోర్డు ఇప్పుడే తీసేస్తాను. మేకుతో సహా.”

ఆమె వెళ్లి మాట వాపసు తీసుకుంది. ఓనరు కాసేపు గొణిగి, కొత్త బ్రాంచికి తన బావమరిదిని పంపుతానన్నాడు. అతనికి కళ్లు పరీక్ష చేయడం రాదు. అది వాళ్ల నష్టం, నా ఖాతాలోకి రాదు.

ఇద్దరం కలిసి కిందికి వచ్చేసరికి నాన్న భూతద్దంలోంచే మమ్మల్ని చూశాడు. అందులోంచి మేం ఎంత పెద్దగా కనబడ్డామో తెలియదు.

“నాన్నా, ఈమె...”

“అమే అంటే వాన కదరా?”

“ఈ ఆమె ఆమేనండీ,” అంది ఆమె.

నాన్న వాచీ పక్కన పెట్టి లేచాడు. ఆమె తల మీద ఒక చేయి, నా తల మీద ఒక చేయి పెట్టాడు. నా తల మీది చేయి కాస్త గట్టిగానే పడింది.

“ఇందాక పైనుంచి సుకి సుకి అని చెవులు చిల్లులు పొడిచారు కదా,” అన్నాడు. “సుఖీభవ.”